గోడ మీద పిల్లి ఎవరిది?

మా అపార్ట్‌మెంట్‌లో మొదటి అంతస్తు ఆంటీ రోజూ పొద్దున్నే మెట్ల కింద స్టీలు గిన్నెలో పెరుగన్నం పెడుతుంది. తెల్లమచ్చల పిల్లి ఒకటి వచ్చి తిని పోతుంది. అది పక్కవాళ్ల పూలకుండీల్లో మట్టి గోకి కంపు చేసిందని ఎవరైనా అంటే ఆవిడ జవాబు ఎప్పుడూ ఒకటే. "మాది కాదమ్మా, నోరులేని జీవం కదా అని ఇంత పెడతానంతే."

పోయినేడాది ఒక రోజు మూడో అంతస్తు కుర్రాడు తన లాబ్రడార్‌ని కిందికి దింపుతున్నాడు. గొలుసు రెండు వేళ్ల మీద, కళ్లు ఫోన్ మీద. మెట్ల మలుపులో పిల్లి ఎదురైంది. కుక్క ఒక్క గుంజు గుంజింది, గొలుసు జారిపోయింది. అంతా రెండు మూడు సెకన్లే. పిల్లి ఎలాగో విడిపించుకుని స్కూటర్ల కిందికి దూరింది గానీ వెనక తొడ చీరుకుపోయింది. అరుపులు విని బయటికొచ్చిన ఆంటీ నోట మొదట వచ్చిన మాట: "అయ్యో, మా పిల్లి!"

"మావాడు ఏమీ చేయడాంటీ, ముందు అదే బుస్సుమంది" అన్నాడు కుర్రాడు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూపు రెండుగా చీలింది. కుక్కను కట్టేసుకోవాలని సగం మంది, పిల్లిని ఇంట్లో పెట్టుకోవాలని సగం మంది. రూల్ ఏమిటో చెప్పమని సెక్రటరీని అడిగితే ఆయన దగ్గరా ఏమీ లేదు. ఆయన దగ్గరే కాదు, చట్టంలోనూ సూటిగా లేదు. ఎందుకు లేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

కుక్క మనిషి దగ్గరికి చేరి తక్కువలో తక్కువ 15 వేల ఏళ్లు. వేటకు వెంట నడిచింది, రాత్రుళ్లు కాపలా కాసింది. రెండు పనులకూ ఒక యజమాని మాట వినాలి. పిల్లి దారి వేరు. వ్యవసాయం మొదలై ధాన్యం నిల్వ పడ్డాక, ఎలుకల వాసన పట్టుకుని అదే వచ్చింది. సైప్రస్‌లో 9,500 ఏళ్ల నాటి సమాధిలో మనిషి పక్కనే పిల్లిని కూడా పూడ్చిన ఆనవాళ్లు దొరికాయని 2004లో ప్రకటించారు. అంటే అప్పటికే అది మనిషికి దగ్గరైంది. కానీ దాని పని గాదెల మధ్య తిరగడం. కట్టేసిన పిల్లి ఎలుకను పట్టదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పినట్టు అని మనవాళ్లు ఊరికే అనలేదు. కుక్కది ఒక గుమ్మం, పిల్లిది ఏడు గుమ్మాలు.

జంతువు చేసిన పనికి యజమాని బాధ్యుడన్న మాట మన దగ్గర పాతదే. యాజ్ఞవల్క్య స్మృతిలో ఒక శ్లోకం ఉంది. కోరలున్న జంతువో కొమ్ములున్న జంతువో ఎవరి మీదైనా పడినప్పుడు, ఆపగలిగి ఉండీ యజమాని ఆపకపోతే జరిమానా. బాధితుడు కేకలు వేసినా కదలకపోతే రెట్టింపు. "మావాడు ఏమీ చేయడు" అని నవ్వుతూ నిలబడే ఓనర్లు అప్పట్లోనూ ఉండేవాళ్లన్నమాట! ఆ స్మృతికి కళ్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యానాన్నే 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగులోకి తెచ్చాడు.

ఊళ్లలో మాత్రం అసలు తగాదాలు పశువులతోనే. చేలో పడి మేసే ఆవు మెడకు గుదిబండ కట్టేవాళ్లు. అయినా ఆగకపోతే బందెలదొడ్డికి తోలేవాళ్లు, యజమాని డబ్బు కట్టి విడిపించుకోవాలి. ఈ పద్ధతిని 1871 నాటి పశువుల అక్రమ ప్రవేశ చట్టం రాతలో పెట్టింది. ఏనుగు, ఒంటె, గేదె, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక అంటూ అందులో పొడుగాటి జాబితా ఉంది. కుక్క లేదు, పిల్లి లేదు. పైరుకు జరిగే నష్టానికి లెక్క ఉంది గానీ, కోడిపిల్లను ఎత్తుకుపోయిన పిల్లికి లెక్క లేదు. అది ఇద్దరు ఆడవాళ్లు గోడకు అటూ ఇటూ నిలబడి తేల్చుకోవలసిన వ్యవహారం.

అంతకు ముందే, 1860లో వచ్చిన శిక్షాస్మృతిలో మూడు సెక్షన్లు ఈ విషయానికి దగ్గరగా వస్తాయి. 289 ప్రకారం, దగ్గరున్న జంతువు వల్ల ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఆ ప్రమాదం మనిషి ప్రాణానికో, మనిషికి తగిలే తీవ్ర గాయానికో సంబంధించినదై ఉండాలి. పక్కింటి పిల్లి దాని పరిధిలోకి రాదు. 428, 429 జంతువును చంపడం, అవిటిది చేయడం గురించి. అక్కడ చూసింది ధర. పది రూపాయలు, ఆపైన విలువ చేసే జంతువైతే ఒక శిక్ష, యాభై పైనైతే పెద్ద శిక్ష. ఏనుగు, గుర్రం, ఆవు, ఎద్దులాంటి వాటికి విలువతో పని లేకుండానే పెద్ద శిక్ష. పెరుగన్నం తిని పోయే వీధి పిల్లికి పది రూపాయల విలువ ఉందని కోర్టులో ఎవరు రుజువు చేస్తారు?

నష్టపరిహారం సంగతి ఇంకా చిత్రం. మన సివిల్ కోర్టులు ఈ విషయంలో చాలావరకు ఇంగ్లండ్ నుంచి వచ్చిన సూత్రాల మీదే నడుస్తాయి. అక్కడి పాత నియమం ప్రకారం, కుక్క కరిచే రకమని యజమానికి ముందే తెలిసి ఉంటేనే అతను బాధ్యుడు. గొర్రెల కాపర్ల గొడవ పడలేక 1865లో ఒక మినహాయింపు చట్టం చేశారు. గొర్రెనో పశువునో గాయపరిస్తే, తెలిసినా తెలియకపోయినా కుక్క యజమాని కట్టాల్సిందే. ఇక పిల్లి విషయం 1926లో అప్పీల్ కోర్టు దాకా వెళ్లింది. ఒకాయన పిల్లి పక్కింటి దొడ్లోకి దూరి 13 పావురాలను, రెండు పొట్టి కోళ్లను చంపేసింది. యజమాని డబ్బు కట్టనక్కర్లేదని కోర్టు తేల్చింది. పక్కింట్లోకి పోవడం, పక్షుల్ని పట్టడం పిల్లి జాతికి సహజం, దానికి ఓనర్‌ని పట్టుకోవడం కుదరదని దాని సారం. బ్రిటన్‌లో ఇప్పటికీ కారు కింద కుక్క పడితే పోలీసులకు చెప్పాలి, పిల్లి పడితే చట్టప్రకారం చెప్పాల్సిన పని లేదు. ఇంగ్లండ్‌లో కుక్కకు మైక్రోచిప్ 2016లో తప్పనిసరైతే, పిల్లికి 2024 జూన్‌లో గానీ కాలేదు.

మన నగరాల్లో కుక్కకు ఓనర్ కాగితం మీదికి ఎక్కింది భయం వల్ల. రేబిస్ భయంతో బ్రిటిష్ వాళ్లు వీధి కుక్కల్ని చంపించేవాళ్లు. 1832లో బొంబాయిలో పార్సీలు దీని మీదే వీధుల్లోకొచ్చి అల్లర్లు చేశారు, ఎందుకంటే వాళ్ల మతంలో కుక్క పవిత్రం. మెడలో పట్టీ, బిళ్ల ఉంటే ఆ కుక్క ఎవరిదో ఉంది, చంపకూడదని లెక్క. ఇవాళ కార్పొరేషన్ లైసెన్స్ అంటే చాలామందికి ఫీజు గుర్తొస్తుంది గానీ, మొదట్లో అది కుక్క ప్రాణానికి రసీదు. పిల్లి మెడలో ఆ బిళ్ల కట్టాలని ఎవరికీ తోచలేదు.

స్వాతంత్ర్యం తర్వాత చూపు మారింది. 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన నర్తకి రుక్మిణీదేవి అరండేల్ జంతుహింసకు వ్యతిరేకంగా ప్రైవేటు బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూ మాటిచ్చాక వెనక్కి తీసుకున్నారు. ఆ మాట ప్రకారం 1960లో చట్టం వచ్చింది, 1962లో ఆమె అధ్యక్షతన జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. ఆ చట్టం మూడో సెక్షన్‌లో నాకు నచ్చే మాట ఒకటుంది. బాధ్యత 'యజమాని'ది అనలేదు, జంతువు ఎవరి సంరక్షణలో, ఎవరి అజమాయిషీలో ఉంటే వాళ్లది అంది. స్టీలు గిన్నె పెట్టే ఆంటీ ఇందులోకి వస్తుందో రాదో వాదించుకోవచ్చు. హింసకు మొదటిసారి జరిమానా మాత్రం 10 నుంచి 50 రూపాయలే. అరవై ఏళ్లు దాటినా అదే అంకె.

అపార్ట్‌మెంట్లు పెరిగాక గొడవ ఇంకో మలుపు తిరిగింది. పెంకుటింటి రోజుల్లో కుక్కకు వాకిలి, పిల్లికి పైకప్పు, ఎవరి దారి వాళ్లది. ఇప్పుడు రెండింటికీ ఒకే మెట్లు, ఒకే లిఫ్టు, ఒకే సెల్లార్. పైగా అసోసియేషన్లు అసలు జంతువులే వద్దని తీర్మానాలు చేయడం మొదలుపెట్టాయి. దానికి జవాబుగా 2015లో జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలిచ్చింది. మెజారిటీ ఉన్నా సరే పెంపుడు జంతువుల్ని నిషేధించే హక్కు అసోసియేషన్‌కు లేదు, లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదు. మొరుగుతోందన్నది వెళ్లగొట్టడానికి కారణం కాదు. ఓనర్లకు మాత్రం గొలుసు పట్టుకోండి, శుభ్రం చేయండి అని సలహా. 2021లో కేరళ హైకోర్టు కూడా ఇలాంటి నిషేధపు బైలాస్ చెల్లవంది. ఇదంతా పెంచుకునేవాళ్ల హక్కుకు రక్షణ, అవసరమైనదే. అయితే ఇదంతా మనిషికీ మనిషికీ మధ్య. ఒక ఫ్లాట్ కుక్క ఇంకో ఫ్లాట్ పిల్లిని పట్టుకుంటే ఏమిటన్నది ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత వరసగా వార్తలు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో డెలివరీకి వెళ్లిన 23 ఏళ్ల కుర్రాడు, వెంటపడిన జర్మన్ షెపర్డ్‌కు భయపడి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అదే ఏడాది మేలో మణికొండలో ఇంకో డెలివరీ కుర్రాడు అలాగే దూకి గాయపడ్డాడు. 2010లో రాట్‌వీలర్ కరిచిన కేసులో ముంబైలో ఓనర్‌కు మూడు నెలల జైలు పడిందీ 2023లోనే, పదమూడేళ్లకు. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కల్ని నిషేధించమని రాష్ట్రాలకు రాస్తే, మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. మేలో మన రహమత్‌నగర్‌లో ఒక హస్కీ కుక్క విషయమై మొదలైన ఇరుగుపొరుగు తగాదా కర్రలతో కొట్టుకునేదాకా పోయింది. దెబ్బలు మనుషులకూ తగిలాయి, కుక్కకూ తగిలాయి. ఇలాంటి చోట కుక్క ఒక సాకు, పాత కక్షలు వేరే ఉంటాయని నా అనుమానం.

2024 జులై 1 నుంచి కొత్త శిక్షాస్మృతి వచ్చింది. పాత 289 ఇప్పుడు 291. జరిమానా ఐదు వేలైంది గానీ, ఇప్పటికీ మనిషికి వచ్చే ప్రమాదానికే. అసలు మార్పు 325లో ఉంది. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిది చేసినా ఐదేళ్ల వరకు జైలు. పది రూపాయలు, యాభై రూపాయల లెక్క పోయింది. పిల్లి పోరు పడలేక కుండీల దగ్గర ఎలుకల మందు కలిపిన అన్నం పెట్టేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. అయితే ఇది తెలిసి చేసినవాడికి. గొలుసు జారితే ఈ సెక్షన్ లేదు, సివిల్ దావా ఒక్కటే దారి. లాయర్ ఫీజు కుట్ల ఖర్చుకు పదింతలు.

కుక్కను కట్టేసుకోవాలన్న వాదన నిజమే, గొలుసు వదిలినవాడిదే ముందు తప్పు. కానీ పిల్లి విషయంలో మనం తీసుకునే వెసులుబాటు కూడా చూడాలి. ఆపరేషన్ చేయించం, టీకా వేయించం, బాల్కనీకి వల కట్టించం. రేబిస్ పిల్లి కాటుతోనూ వస్తుందని తెలిసీ, అది మాది కాదంటాం. కుక్క పట్టుకున్న రోజున మాత్రం మాదవుతుంది.

మా అపార్ట్‌మెంట్‌లో ఆ రాత్రి గ్రూపులో తగువు తేలకముందే కుర్రాడు పిల్లిని తువ్వాలులో చుట్టి అట్టపెట్టెలో పెట్టాడు. ఆంటీ కూడా కార్లో ఎక్కింది. డాక్టర్ దగ్గర చీటీ రాసే అమ్మాయి జంతువు పేరు అడిగితే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పేరు లేదు. ఓనర్ పేరు అడిగింది. కుర్రాడు, బిల్లు తనే కడుతున్నాడు కాబట్టి, తన పేరు చెప్పబోయాడు.

"ఉండు బాబూ" అని ఆంటీ తన పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. తర్వాత ఆ అమ్మాయి టీకాల కార్డు ఉందా అని అడిగింది.