ఎంత ఒలికిందో ముందు చెప్పండి

విశాఖ చేపల రేవులో బేరానికి వచ్చినవాళ్లు వంజరాన్ని చేతిలోకి తీసుకోగానే మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే ముక్కు దగ్గరకు తెచ్చుకుంటారు. డీజిలు వాసన వస్తోందని ఒక్కరు అన్నారంటే ఆ గంప ధర పడిపోయినట్టే, పక్క గంపదీ అంతే. జెట్టీలో మరపడవల మధ్య నీటి మీద తేలే రంగురంగుల జిడ్డు తెట్టు చాలు, ఒక పూట సంపాదన పోవడానికి. అందుకే సముద్రంలో ఎక్కడ చమురు ఒలికిందన్నా జాలరి కుటుంబాలు ముందు అడిగే ప్రశ్నలు రెండే: ఎంత ఒలికింది, ఎటు వస్తోంది? గత అరవై ఏళ్లలో ప్రపంచాన్ని కలవరపెట్టిన పెద్ద ప్రమాదాలను తిరగేస్తే, ఈ రెండింటికీ సరైన జవాబు వేళకు దొరకలేదనే కనిపిస్తుంది.

2010 ఏప్రిల్ 20న, మన తీరంలో వేట నిషేధం మొదలైన అయిదు రోజులకు, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బావి తవ్వే డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలింది. 11 మంది చనిపోయారు. సుమారు 1,500 మీటర్ల లోతున ఉన్న బావి నుంచి 87 రోజుల పాటు చమురు ఎగజిమ్మింది. రోజుకు వెయ్యి పీపాలు పోతున్నాయని మొదట చెప్పారు. కొద్ది రోజులకే 5,000 అన్నారు. అమెరికా చట్టసభ సభ్యుల ఒత్తిడితో మే నెలలో సముద్రగర్భంలోని కెమెరా దృశ్యాలు బయటికి వచ్చాయి. ఇళ్లలో కూర్చున్న జనం ఆ నల్లటి ధారను రాత్రింబవళ్లు చూశారు. శాస్త్రవేత్తలు ఆ దృశ్యాల నుంచే ధార వేగాన్ని కొలవడం మొదలుపెట్టారు. ప్రభుత్వ శాస్త్రవేత్తలు చివరకు తేల్చిన అంచనా ప్రకారం తొలి రోజుల్లో రోజుకు 62,000 పీపాలు, మొత్తం 49 లక్షల పీపాలు. పీపా అంటే దాదాపు 159 లీటర్లు. వెయ్యికీ అరవై రెండు వేలకూ ఉన్న ఆ దూరంలోనే జనం కోపమంతా పుట్టింది.

బావిని మూసే ప్రయత్నాలను కూడా జనం అలా కళ్లారా చూశారు. దాదాపు వంద టన్నుల ఉక్కు గూడును లీకు మీద బోర్లించి చమురును పైకి లాగాలనుకున్నారు. ఆ లోతులోని చలికి, ఒత్తిడికి మీథేన్ వాయువు నీటితో కలిసి మంచులా గడ్డకట్టి గూడు పైదారిని మూసేసింది. ఈ మంచు మనకు పరాయిది కాదు. కృష్ణా-గోదావరి బేసిన్ సముద్రగర్భంలో అలాంటి మీథేన్ హైడ్రేట్లు దండిగా ఉన్నాయని 2006లో తవ్వి చూసి నిర్ధారించారు. మే చివరలో బరువైన బురదను బావిలోకి పంపారు. గోల్ఫ్ బంతులు, టైరు ముక్కలు కూడా కుక్కారు. నిలవలేదు. జులై 15న కొత్త మూత బిగించాకే ధార ఆగింది. పక్కనుంచి తవ్విన మరో బావి ద్వారా సెప్టెంబరు 19న పూర్తిగా పూడ్చారు.

ఈలోగా ఆ బావిని తవ్విస్తున్న బీపీ సంస్థకు జనం నుంచి లక్షకు పైగా సలహాలు వెళ్లాయి. క్షౌరశాలల్లో పోగుచేసిన జుట్టును మేజోళ్లలో కూరి, చమురును పీల్చే దిండ్లుగా చేసి పంపినవాళ్లు ఉన్నారు. జుట్టు నూనెను ఎంత పీలుస్తుందో తలంటు పోసే మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అయితే మామూలు తేలే అడ్డుకట్టలే మెరుగ్గా పనిచేస్తాయంటూ అధికారులు వాటిని పక్కన పెట్టారు. సాంకేతికంగా అది సరైన నిర్ణయమే కావచ్చు. కానీ ఒక దశలో గల్ఫ్‌లోని అమెరికా కేంద్ర జలాల్లో మూడో వంతుకు పైగా వేటకు మూసేశారు. గడువు తెలియని ఆ నిషేధంలో చేతులు ముడుచుకుని కూర్చోలేక జనం ఏదో ఒకటి చేయాలని తపించారు. అలాంటివాళ్లకు రోజూ నిజమైన లెక్క చెప్పి, చేయదగ్గ పని చూపించి ఉంటే సగం ఆగ్రహం చల్లారేదని నా నమ్మకం. పైగా చమురును చెదరగొట్టడానికి దాదాపు 70 లక్షల లీటర్ల రసాయనాలు వాడినప్పుడు, కంటికి కనిపించకుండా చేసి సరిపెడుతున్నారన్న అనుమానం ఇంకా బలపడింది.

ఆ అనుమానం గాలిలోంచి పుట్టలేదు. 1967లో ఇంగ్లండు తీరంలో టోరీ కాన్యన్ అనే చమురు నౌక రాళ్లెక్కినప్పుడు విమానాలతో బాంబులు వేసి చమురును తగలబెట్టాలని చూశారు. తీరం మీద గుమ్మరించిన డిటర్జెంట్లు చమురు కంటే ఎక్కువగా జీవరాశిని చంపాయి. 1979 జూన్‌లో మెక్సికో తీరంలో ఇక్స్‌టాక్ బావి అదుపు తప్పింది. లోతు యాభై మీటర్లే. అక్కడా ఉక్కు టోపీ, అక్కడా బురద, ఇనుప బంతులు, సీసపు బంతులు. మూతపడింది 1980 మార్చిలో. ముప్పై ఏళ్లలో తవ్వే లోతు ముప్పై రెట్లు పెరిగింది, ఆపే పద్ధతులు మాత్రం దాదాపు అవే.

మన తీరానికి వస్తే, 2017 జనవరి 28న చెన్నై పక్కనున్న ఎన్నూరు దగ్గర రెండు నౌకలు ఢీకొన్నాయి. పర్యావరణానికి నష్టం లేదన్నది తొలి ప్రకటన. తర్వాత చిక్కటి చమురు రాళ్ల మధ్య గడ్డకట్టి, పంపులకు అందక, విద్యార్థులు, జాలర్లు, కోస్ట్ గార్డు సిబ్బంది వరుసగా నిలబడి బకెట్లతో ఎత్తిపోశారు. మోచేతుల దాకా నల్లబడ్డ ఆ చేతుల ఫొటోలు చూసి దేశమంతా అడిగింది, యంత్రాలు ఏవని.

తెలుగు నేల మీద పాశర్లపూడిని మరిచిపోలేం. 1995 జనవరి 8న కోనసీమలోని ఆ గ్యాసు బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. విశాఖ జ్ఞాపకాలు ఇంకా చేదైనవి. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీ అగ్నిప్రమాదంలో 60 మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం పక్క కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు ఊళ్లోకి వచ్చినప్పుడు హెచ్చరిక సైరన్ మోగలేదు. నిద్రలోంచి లేచి పరుగెత్తిన ఊరికి అధికారిక ప్రకటనల మీద నమ్మకం కుదరాలంటే తేలిక కాదు.

ఇదే నగరంలో డాల్ఫిన్స్ నోస్ వైపు కొండల కింద, రాతి గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు నిల్వ చేసే ఏర్పాటు ఉంది. రిఫైనరీకి చమురు సముద్రం మీదుగానే వస్తుంది. 2024 జనవరిలో కాకినాడకు ఎదురుగా లోతు జలాల నుంచి కొత్తగా చమురు తీయడం మొదలైంది. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి సాగుతుంది, అంటే కాకినాడ వైపు నుంచి మన వైపుకు.

ఏర్పాట్లు లేవని అనను. సముద్రంలో చమురు ఒలికితే ఏం చేయాలో చెప్పే జాతీయ ప్రణాళిక 1996 నుంచి అమల్లో ఉంది, బాధ్యత కోస్ట్ గార్డుది. కాలుష్య నివారణ నౌక సముద్ర పహరేదార్‌కు విశాఖే స్థావరం. ఒలికిన చమురు ఎటు కదులుతుందో హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ గణించి పటం ఇవ్వగలదు. ఆ పటం అధికారుల కంప్యూటర్లకు చేరితే సరిపోదు. ఒలికిన పరిమాణంతో సహా, అంచనా మారినప్పుడల్లా దిద్దుతూ, తెలుగులో, వేలంపాట జరిగే షెడ్డు గోడ మీద అదే గంటలో అంటించాలి. పడవ దించాలో వద్దో తేల్చుకునేది అక్కడ నిలబడ్డవాళ్లే.