సీమలో కాపలా: గుహ నుంచి గన్‌మ్యాన్ దాకా

ఫ్యాక్షన్ మాట వచ్చినప్పుడల్లా ‘సీమ రక్తమే అంత’ అని తేల్చేసేవాళ్లుంటారు. ప్రాణభయం ఏ ప్రాంతంవారికైనా ఒకటే. ప్రమాదం ఎదురైతే గుండె దడదడలాడుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, రక్తంలో అడ్రినలిన్ పెరుగుతుంది. తిరగబడతావా, పారిపోతావా అని శరీరమే తొందరపెడుతుంది. అమెరికా శాస్త్రవేత్త వాల్టర్ కానన్ ఈ సంగతి 1915లో పుస్తకంగా రాశాడు. ఆయన గమనించింది కుక్క అరుపుకు బెదిరిన పిల్లుల్ని. కాబట్టి ఇందులో మనిషి గొప్పేమీ లేదు.

మనిషి నేర్చింది ఇంకొకటి. రాబోయే ఆపదను ముందే ఊహించి, తాను నిద్రపోయేటప్పుడు మరొకరిని కాపలా పెట్టుకోవటం. కర్నూలు, అనంతపురం, కడప నేలల్లో ఆ కథ ఆనవాళ్లు చాలా మిగిలాయి.

పాత కర్నూలు జిల్లాలోని జ్వాలాపురంలో, సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు పడిన బూడిద పొర ఇప్పటికీ ఉంది. అది సుమారు 74 వేల ఏళ్ల నాటిది. ఆ పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అంత ఉత్పాతాన్నీ ఇక్కడివాళ్లు తట్టుకుని ఉంటారని తవ్వినవాళ్ల వాదన. దాని మీద తగవు ఇంకా తీరలేదు.

తర్వాత పశువులొచ్చాయి. అనంతపురం వైపు పాల్వాయిలో కొత్తరాతియుగపు బూడిద దిబ్బ ఉంది, పేడ కుప్పలు కాలగా మిగిలినది. ఇలాంటిదే పాలమూరు వైపు ఉట్నూరులో తవ్వితే మందను తోలిన దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు బయటపడ్డాయి. ఇప్పుడు గొర్రెల కాపరి ముళ్లకంపతో రొప్పం కట్టి తోడేలు భయానికి కుక్కను పెట్టుకోవటం ఆ పనే. నా లెక్కలో అసలు మలుపు ఇక్కడుంది. అప్పటిదాకా కాపాడుకోవాల్సింది ఒంట్లో ప్రాణం ఒక్కటే. మంద వచ్చాక, గింజ వచ్చాక, ఒంటి బయట ఉన్నదాని కోసం కూడా ఒళ్లు జలదరించటం మొదలైంది.

గండికోటకు వెళ్లినవాళ్లు పెన్నా లోయను చూసి వచ్చేస్తారు. లోపల ఉన్న ధాన్యాగారాన్ని కాస్త నిలబడి చూడాలి, కోట దేనికోసమో అది చెబుతుంది. గుత్తి కథ మరీ చేదు. నిట్టనిలువు కొండ, సుత్తులు దిగని గోడలు, మురారిరావు ఘోర్పడే వంటి మరాఠా యోధుడు. మైసూరు ఏలిక హైదరలీ చుట్టుముట్టాడు. 1776లో కోట చేజిక్కింది, కారణం ఫిరంగులు కాదు. లోపల నీళ్లు అయిపోయాయి. శత్రువు మీద పెట్టిన శ్రద్ధ దాహం మీద పెట్టకపోతే ఏమవుతుందో ఈ కరువు నేలకు అంతకన్నా చెప్పేదేముంది!

కోటలు రాజులవి. ఊళ్లకు బురుజులుండేవి, కాపలాకు తలారి ఉండేవాడు, పైన పాలెగాడు. కాపాడతానని పన్ను తీసుకునేదీ, ఇవ్వకపోతే దోచేదీ చాలాసార్లు ఆ ఒక్కడే. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, వదిలేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు దాదాపు 80 మంది పాలెగాళ్లు తగిలారు. కొందరిని సైన్యంతో తరిమాడు, కొందరికి పింఛను కట్టాడు, వాళ్ల బంట్లను విడగొట్టాడు. ఊరి కాపలాకు ప్రతిగా తక్కువ పన్నుతో భూమి అనుభవించే కట్టుబడులు మాత్రం మిగిలారు. ఆ ఇనాములనూ కుంపిణీ లాక్కోవటం మొదలెట్టింది. పింఛను చాలక మండిపడుతున్న ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెనుక 1846లో నడిచినవాళ్లలో ఈ కట్టుబడులు చాలామంది. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయన్ను ఉరితీశారు. తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు. ఆ భయపెట్టటం కూడా ఒక రకం కాపలాయే, ప్రభుత్వం తనకోసం పెట్టుకున్నది. 1859లో మద్రాసు రాజధానికి కొత్త పోలీసు చట్టం వచ్చింది. ఊరి కాపలా స్టేషను చేతికి వెళ్లింది.

ఇప్పటి ఫ్యాక్షన్‌ను పాలెగాళ్ల వారసత్వం అని ఒక్క మాటలో కట్టేయటం నాకు నచ్చదు. మధ్యలో నూరేళ్లకు పైగా ఉంది. సారా వేలంపాటలు, కాంట్రాక్టులు, పంచాయతీ ఎన్నికలు ఆ నూరేళ్ల చివర్లోవి. వేటకొడవళ్లు, నాటుబాంబులు, ముందూ వెనకా నడిచే సుమోలు అన్నీ ‘మా వాణ్ని కాపాడుకోవటానికే’ అన్న మాట మీదే వచ్చాయి. రెండు వర్గాలూ అదే చెబుతాయి, రెండు వర్గాల భయమూ నిజమే. ఎవరు ముందు కొట్టారన్నది మాత్రం ఊళ్లో ఎవరికీ తేలదు.

కోర్టు తేల్చాల్సిందీ అదే. 1860 నాటి శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా కొనసాగుతున్నాయి. తన ఒంటినీ, ఆస్తినీ, మరొకరి ఒంటినీ కాపాడుకునే హక్కు ఉంది. అవసరానికి మించి గాయపరచకూడదు, అధికారుల సాయం అందుకునే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు. రాత్రిపూట స్టేషను ఎంత దూరంలో ఉంది, కబురు చేరటానికి ఎంతసేపు పట్టింది అన్న దగ్గర ప్లీడర్లు గంటలు గంటలు వాదించుకుంటారు.