పళ్లెంలో కొవ్వు, ఒంట్లో కొవ్వు

చిరంజీవులైన పిల్లలిద్దరికీ, తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. మీ తరగతిలో అమ్మాయి వాళ్ల అమ్మకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, ఆమె నూనె వంటకాలు ఎక్కువగా తినడం వల్లే వచ్చిందని ఎవరో అంటే ఆ పిల్ల ఏడ్చిందనీ రాశారు. "అది నిజమేనా తాతయ్యా?" అని అడిగారు.

ముందు ఆ పిల్లకు చెప్పవలసిన మాట చెబుతాను. తక్కినది తీరిగ్గా చదువుకోండి. ఫలానా మనిషికి ఫలానా వంట తిన్నందువల్ల రొమ్ము క్యాన్సర్ వచ్చిందని ఏ వైద్యుడూ చెప్పలేడు. వయసు, పుట్టుకతో వచ్చిన జన్యువులు, హార్మోన్లు, ఇలా ఎన్నో కలిస్తే వచ్చే జబ్బు అది. స్త్రీగా పుట్టడం, వయసు పెరగడం తప్ప వేరే కారణమేదీ కనిపించనివాళ్లు చాలామంది ఉన్నారు. అంటుకునే జబ్బు కూడా కాదు. ఆమె పక్కన కూర్చోవచ్చు, ఆమె పెట్టింది తినవచ్చు. ఈ మాటలు రేపే ఆ అమ్మాయికి చెప్పండి. ఆలస్యం చేయకండి.

ఇక మీ ప్రశ్న. మీరు చూచిరాత రాశారు కదా! మా చిన్నప్పుడు లాంతరు వెలుగులో రాసేవాళ్లం. పుట పైన ఒక వరస అచ్చు అక్షరాలుండేవి. కింద వరసలన్నీ మనం నింపాలి. నా పక్కన కూర్చునే కుర్రవాడు మొదటి వరస మాత్రమే అచ్చును చూసి రాసేవాడు. రెండో వరసకు మొదటి వరసను, మూడో వరసకు రెండోదాన్ని చూసేవాడు. ఎక్కడో ఒక ఒత్తు జారిపోయిందా, ఇక పుట చివరిదాకా ఆ ఒత్తు ఉండేది కాదు. మాస్టారు మధ్యలో వచ్చి దిద్దితే సరే, లేకపోతే మర్నాటి పుటలోకి కూడా ఆ తప్పే వెళ్లేది. ఆ మాస్టారికి "మళ్లీ రాయి" అనడం అలవాటు. ఎన్నిసార్లు రాయిస్తే అన్ని కొత్త తప్పులకు తావుంటుందని ఆయన ఎందుకు అనుకోలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మంచి మనిషి. పండగనాడు కూడా మా పుస్తకాలు దిద్దేవారు.

మన ఒంట్లో నిత్యం జరిగేది చూచిరాతే. ఒక కణం రెండు కణాలయ్యే ముందు తనలోని డీఎన్‌ఏ అనే పొడవాటి రాతకంతా నకలు తీస్తుంది. అంత రాతలో తప్పులు దొర్లకుండా ఎలా ఉంటాయి? దిద్దే ఏర్పాటు కూడా కణంలోనే ఉంది. దాదాపు అన్ని తప్పులనూ అది పట్టేస్తుంది. ఎప్పుడో ఒకటి తప్పించుకుంటుంది. తరవాతి నకళ్లన్నిటిలోకీ అది చేరుతుంది. కొన్ని కీలకమైన చోట్ల అలాంటి తప్పులు పోగుపడితే "ఇక చాలు" అన్న మాట ఆ కణానికి వినబడదు. రాస్తూనే పోతుంది. క్యాన్సర్ అంటే అదే.

రొమ్ములోని కణాలకు "మళ్లీ రాయి" అని చెప్పేవాటిలో ముఖ్యమైనది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. దాన్ని శత్రువు అనుకోకండి. ఆడపిల్ల ఎదగడానికి అది కావాలి. వయసులో ఉన్నంతకాలం దాన్ని ఎక్కువగా అండాశయాలు తయారుచేస్తాయి. సుమారు 50 ఏళ్ల ప్రాంతంలో నెలసరి ఆగిపోయాక వాటి పని ముగుస్తుంది. మాస్టారు ఉద్యోగం విరమించారన్నమాట. కానీ బడి మూతపడదు. ఒంట్లోని కొవ్వులో అరోమటేస్ అనే ఎంజైమ్ ఉంది. అది వేరే హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తుంది. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే ఈ తయారీ కూడా ఎక్కువవుతుంది. మాస్టారు లేకపోయినా పక్కగదిలోంచి "మళ్లీ రాయి" అని వినిపిస్తూనే ఉంటుంది. బరువుతోపాటు పెరిగే ఇన్సులిన్ కూడా ఆ గొంతుకు గొంతు కలుపుతుంది. అందుకే నెలసరి ఆగిన తరవాత అధిక బరువు ఉన్న స్త్రీలలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. ఇది గట్టిగా రుజువైన సంగతి. విచిత్రమేమిటంటే, నెలసరి ఆగని వయసులో లెక్క తిరగబడుతుంది. అప్పుడు బరువు ఎక్కువున్నవాళ్లలో ఇది కొంచెం తక్కువే.

ఇంతవరకూ చెప్పింది ఒంట్లోని కొవ్వు గురించి. మీ స్నేహితురాలిని ఏడిపించిన మాట పళ్లెంలోని కొవ్వు గురించి. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే పెద్దవాళ్లు కూడా పొరబడతారు.

పళ్లెంలోని కొవ్వు మీద అనుమానం ఇవాళ్టిది కాదు. 1942లో ఆల్బర్ట్ టానెన్‌బామ్ అనే శాస్త్రవేత్త కొవ్వు ఎక్కువగా పెట్టిన ఎలుకల్లో రొమ్ము కణితులు ఎక్కువగా వచ్చాయని చూపించాడు. మొత్తం తిండి తగ్గిస్తే కణితులు తగ్గుతాయని కూడా ఆయనే చూపించాడు. ఆ రెండో మాట జనానికి అంతగా గుర్తులేదు. 1975లో కెనెత్ కరోల్ అనే శాస్త్రవేత్త దేశాలను పక్కపక్కన పెట్టి చూస్తే, కొవ్వు ఎక్కువ తినే దేశాల్లో ఈ జబ్బుతో మరణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. జపాన్ నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాల్లో తరం మారేకొద్దీ ఈ జబ్బు పెరిగింది. ఇంకేం, నేరం కొవ్వుదే అనిపించదూ?

అయితే కొవ్వు ఎక్కువ తినే దేశాల్లో మారింది తిండి ఒక్కటేనా? అక్కడ బిడ్డలను ఆలస్యంగా కంటారు, తక్కువమందిని కంటారు, బరువు ఎక్కువ, మద్యం ఎక్కువ. వీటిలో దేని పాత్ర ఎంతో దేశాల లెక్క చెప్పదు. మనుషులనే అడగాలి. అమెరికాలో 89,538 మంది నర్సులను, వాళ్లు ఏం తింటున్నారో రాయించుకుని, నాలుగేళ్లు గమనించారు. 1987లో ఫలితం వచ్చింది. కొవ్వు ఎక్కువ తిన్నవాళ్లకు జబ్బు ఎక్కువగా రాలేదు. 1996లో ఏడు అధ్యయనాలను, అంటే మూడు లక్షలకు పైగా స్త్రీల వివరాలను, ఒకచోట చేర్చారు. అప్పుడూ అదే జవాబు.

అయినా శాస్త్రవేత్తలు వదల్లేదు. అమెరికాలోనే 50 నుంచి 79 ఏళ్ల వయసున్న, నెలసరి ఆగిన 48,835 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కొవ్వు తగ్గించి తినడం నేర్పారు. సుమారు ఎనిమిదేళ్ల తరవాత, 2006లో చూస్తే, ఆ జట్టులో రొమ్ము క్యాన్సర్ 9 శాతం తక్కువగా ఉంది. ఆ కాస్త తేడా కాకతాళీయం కావచ్చని వాళ్లే నిజాయితీగా రాశారు. దాదాపు ఇరవై ఏళ్లు గడిచాక మళ్లీ లెక్కచూస్తే, ఆ జట్టులో ఈ జబ్బుతో మరణాలు సుమారు 21 శాతం తక్కువగా తేలాయి. కానీ ఆ స్త్రీలు కొవ్వు తగ్గించడంతోపాటు కూరగాయలు, పళ్లు, ధాన్యాలు పెంచారు, కొంచెం బరువు కూడా తగ్గారు. మెప్పంతా ఒక్క కొవ్వు తగ్గించడానికే ఎలా ఇస్తాం? ఒక్క ప్రశ్న కోసం అన్నివేలమంది అన్నేళ్లు ఓపిక పట్టారే, అది తలచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

చూచిరాత దగ్గరికి మళ్లీ వస్తాను. రాతకు కాగితం కూడా ముఖ్యమే. ప్రతి కణం చుట్టూ ఉండే పొరలో కొవ్వు ఆమ్లాలు, అంటే కొవ్వును తయారుచేసే ముక్కలు, ముఖ్యమైన భాగం. మనం తినే కొవ్వు రకాన్ని బట్టి ఆ కాగితం కొంత మారుతుంది. ఒమేగా-6 అనే రకం కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా ఉన్న నూనెలు పెట్టిన ఎలుకల్లో కణితులు పెరిగాయి, చేపనూనె పెట్టినవాటిలో తగ్గాయి. మనుషుల్లో మాత్రం ఇంత స్పష్టంగా ఏదీ తేలలేదు. అందుకని ఒక నూనెను దేవుణ్ని చేసి, ఇంకో నూనెను దెయ్యాన్ని చేసేవాళ్ల మాట నమ్మకండి.

పెద్దయ్యాక మీకు ఉపయోగపడే సంగతులు రెండు మాత్రం గట్టివి. మద్యం కొద్దిగా తాగినా ఈ జబ్బు ముప్పు పెరుగుతుంది. ఒళ్లు కదిలించి ఆడేవాళ్లకు, పనిచేసేవాళ్లకు ముప్పు తగ్గుతుంది. కాబట్టి సాయంత్రం ఆట మానకండి. ఎవరైనా లావుగా ఉన్నారని వెక్కిరించడం మాత్రం నాకు నచ్చని పని. బరువు గురించి నేను రాసింది తెలుసుకోవడానికే, ఒకరిని అనడానికి కాదు.

ఇప్పుడు లేచి వంటింట్లోకి వెళ్లండి. తినుబండారాల పొట్లాలుంటే వెనక్కి తిప్పి చూడండి. చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. అందులో మొత్తం కొవ్వు ఎన్ని గ్రాములో చూసి 9తో హెచ్చవేయండి. పిండిపదార్థాన్నీ ప్రోటీన్‌నూ విడివిడిగా 4తో హెచ్చవేయండి. గ్రాముకు అన్నేసి కిలో కేలరీలు. మూడూ కూడితే పట్టికలో రాసిన మొత్తానికి దగ్గరగా రావాలి. చక్కెర ఎంత ఉందో కూడా చూడండి, ఎందుకంటే అవసరానికి మించి తిన్న చక్కెర కూడా ఒంట్లో కొవ్వుగానే మారుతుంది. ఇద్దరూ విడివిడిగా లెక్కవేసి, ఏ పొట్లంలో ఏం కనిపించిందో నాకు రాయండి.

మీ
తాతయ్య