బోన్ స్కాన్ నార్మల్, ఎముకలో మాత్రం బెజ్జాలు!

"నాన్నగారికి మల్టిపుల్ మైలోమా అన్నారు. బోన్ స్కాన్ నార్మల్ వచ్చింది. మళ్లీ పెట్ సీటీ ఎందుకండీ, డబ్బుల కోసమేనా?" అని ఒక పాఠకుడు అడిగారు. కాదండీ. ఈ రక్త కేన్సర్‌లో బోన్ స్కాన్ మోసపోవడానికి గట్టి కారణమే ఉంది.

ఎముక ఒకసారి కట్టి వదిలేసిన గోడ కాదు. ఆస్టియోక్లాస్టులనే కూలీలు పాతది కూలుస్తుంటే, ఆస్టియోబ్లాస్టులనే మేస్త్రీలు వెనకే వచ్చి కొత్తది కడుతుంటారు. మైలోమాలో ఎముక మజ్జలో ఉండే, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు చెడిపోయి, ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్ పెరిగేలా చేసి కూలీలను ఉసిగొల్పుతాయి, పైగా డీకేకే1 లాంటి ప్రొటీన్లు వదిలి మేస్త్రీలను పనిలోకి రానివ్వవు. బోన్ స్కాన్‌కి ఎక్కించే టెక్నీషియం అనే రేడియోధార్మిక మందు ఎక్కువగా చేరేదేమో మేస్త్రీ పనిచేస్తున్న చోటికి! అంటే అది చూసేది కూల్చివేతను కాదు, రిపేరును. ప్రోస్టేట్ కేన్సర్ ఎముకకు పాకితే మేస్త్రీల హడావుడి ఎక్కువ కాబట్టి ఇట్టే దొరుకుతుంది, మైలోమాలో మేస్త్రీయే లేడు కాబట్టి చాలా బెజ్జాలు తప్పించుకుంటాయి. ఎముకల్లో కేన్సర్ అనగానే బోన్ స్కాన్ అని బట్టీ పెట్టించే పాఠాల్లో ఈ ముక్క తప్పకుండా చెప్పాలి.

ఎక్స్‌రే ఇంకా నిదానం, ఆ చోట 30 నుంచి 50 శాతం ఖనిజం పోతే గానీ చూపించదు. అందుకే 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం సీటీలో గానీ పెట్ సీటీలో గానీ 5 మిల్లీమీటర్ల బెజ్జం ఒక్కటి కనిపించినా ఎముక దెబ్బతిన్నట్టు లెక్కే, నొప్పి లేకపోయినా చికిత్స మొదలుపెడతారు. ఎంఆర్ఐ మజ్జనే చూస్తుంది, కొవ్వు ఉండాల్సిన చోట కణాలు కిక్కిరిస్తే టీ1 అనే రకం చిత్రంలో అక్కడ నల్లబడుతుంది. పెట్‌లో గ్లూకోజ్ లాంటి ఎఫ్‌డీజీ ఇస్తారు, హెక్సోకైనేజ్-2 ఎంజైమ్ దాన్ని కణంలో బంధిస్తుంది, అలా ఎక్కువగా చిక్కుకున్న చోటే స్కాన్‌లో వెలుగుతుంది. కొందరి మైలోమా కణాల్లో ఆ ఎంజైమే తక్కువ, అప్పుడు పెట్ కూడా బోల్తా పడుతుంది, ఎంఆర్ఐ ఆదుకుంటుంది.

అరవై దాటినవాళ్లకి నడుంనొప్పి వదలకపోతే నూనె రాసి గట్టిగా తోమించకండి, దయచేసి. బెజ్జాలు పడిన వెన్నుపూస ఆ ఒత్తిడికే విరగొచ్చు. ముందు మైలోమా ఉందేమో చూసే రక్తపరీక్ష చేయించండి.

ఇంకో మాట. చికిత్స బాగా పనిచేసినా సీటీలో బెజ్జాలు ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తుంటే ఇంట్లోవాళ్లకి టెన్షన్. కూలీలు ఆగినా మేస్త్రీలు అంత తేలిగ్గా తిరిగి రారు. ఆ బెజ్జంలో కేన్సర్ ఇంకా బతికే ఉందా అన్నది చెప్పడానికి పెట్ కావాలి.