బెర్సెర్క్ ఏ వరుసలో చూడాలి: ఈ చిక్కు ఎక్కడ మొదలైంది

బెర్సెర్క్ అనే జపాన్ మాంగా (బొమ్మల కథ) ఆధారంగా తీసిన అనిమే, అంటే యానిమేషన్, చూద్దామని వెతికితే ఆ పేరుతో నాలుగు కనిపిస్తాయి. 1997 నాటి 25 ఎపిసోడ్ల టీవీ సిరీస్ ఒకటి. 2012, 2013 సంవత్సరాల్లో వచ్చిన మూడు సినిమాలు ఇంకొకటి. 2016, 2017లో రెండు విడతలుగా వచ్చిన 24 ఎపిసోడ్లు మరొకటి. ఆఖరున 2022లో మెమోరియల్ ఎడిషన్ పేరుతో వచ్చిన 13 ఎపిసోడ్లు. వీటిని నాలుగు సీజన్లు అనుకుని వరుసగా చూడడం మొదలుపెడితే అదే కథ మూడుసార్లు చూడాల్సివస్తుంది. 1997 సిరీస్, సినిమాలు, మెమోరియల్ ఎడిషన్ చెప్పేది గోల్డెన్ ఏజ్ అనే ఒకే భాగాన్ని. 2016 సిరీస్ దాని తరువాతి కథ. ఈ రెంటి మధ్య జరిగినదాంట్లో చాలా భాగం ఇంతవరకూ తెర మీదికి రానే లేదు.

2025లో తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకు వచ్చిన డీమన్ స్లేయర్ సినిమాకు ఈ బాధ లేదు. ముందు సీజన్లు చూడాలి, తర్వాత సినిమా చూడాలి, అంతే. బెర్సెర్క్‌లో విడుదలైన తేదీల వరుస పనికిరాదు, కథా కాలం వరుస కూడా పూర్తిగా పనికిరాదు. అందుకు మొదటి కారణం అనిమే కాదు, మాంగాయే.

కెంటారో మియురా 1988లో ఒక చిన్న నమూనా కథగా దీన్ని గీశాడు. 1989లో హకుసెన్‌షా ప్రచురణ సంస్థ వారి మంత్లీ యానిమల్ హౌస్‌లో సీరియల్ మొదలైంది. ఆ పత్రిక స్థానంలో 1992లో యంగ్ యానిమల్ వచ్చాక అందులో కొనసాగింది. మాంగా మొదలయ్యేసరికే హీరో గట్స్‌కు ఒక కన్ను లేదు, ఒక చేయి ఇనుపది, వీపున మనిషెత్తు కత్తి, మెడ మీద నెత్తురోడే ముద్ర. ఎవరి మీదో పగ. బ్లాక్ స్వోర్డ్స్‌మన్ అనే ఈ భాగం మొదటి మూడు వాల్యూముల్లో నడుస్తుంది. మూడో వాల్యూమ్ చివరికి వచ్చాక మియురా కథను వెనక్కి, గట్స్ పుట్టుక దాకా, తీసుకెళ్లాడు. అక్కడ మొదలైన ఫ్లాష్‌బ్యాక్ 14వ వాల్యూమ్ దాకా సాగింది. గోల్డెన్ ఏజ్ అంటే అదే. కిరాయి సైనికుడైన గట్స్, గ్రిఫిత్ నాయకత్వంలోని బ్యాండ్ ఆఫ్ ది హాక్ అనే కిరాయి దళంలో చేరడం, మిడ్‌లాండ్ రాజ్యం తరఫున యుద్ధాలు, డాల్డ్రే కోట, చివరికి అభిమానులు ఎక్లిప్స్ అని పిలిచే ఘట్టం.

పగ ఎవరి మీదో, ఆ మనిషి ఏమయ్యాడో మూడో వాల్యూమ్‌లోనే చెప్పేశాడు మియురా. కాబట్టి ‘ముందే తెలిసిపోతే మజా పోతుంది’ అన్న వాదన ఈ కథ విషయంలో సగమే నిలుస్తుంది. ఏం జరిగిందన్నది ముందే తెలిసి, అక్కడిదాకా ఎలా వచ్చిందో చూస్తూ బెంగపడాలన్నదే ఈ కథ అసలు కట్టుబడి, అంటే దాన్ని అల్లిన తీరు. తరువాత వచ్చిన ప్రతి అనిమే ఈ కట్టుబడిని ఒక్కోచోట తెంపింది. వరుస గురించిన తగవులన్నీ ఆ తెగిన చోట్లవే.

1997 అక్టోబరు నుంచి 1998 వసంతం దాకా నిప్పన్ టీవీలో రాత్రి పొద్దుపోయాక ప్రసారమైన సిరీస్‌ను ఓఎల్ఎం స్టూడియో తీసింది. దర్శకుడు నావోహితో తకహాషి, సంగీతం సుసుము హిరసావా. మొదటి ఎపిసోడ్‌లో మాత్రం బ్లాక్ స్వోర్డ్స్‌మన్ రోజుల గట్స్ కనిపిస్తాడు. రెండో ఎపిసోడ్ నుంచి చివరిదాకా ఫ్లాష్‌బ్యాకే. మాంగాలో గోల్డెన్ ఏజ్ ముగిసి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఎక్లిప్స్ దగ్గర ఆపక తప్పని పరిస్థితి కొంత అక్కడిదే.

అసలు దెబ్బ పడింది పాత్రల కోతలో. గట్స్ వెంట తిరిగే పక్ అనే ఎల్ఫ్‌ను (రెక్కల బుల్లి జీవిని) తీసేశారు. వైయల్డ్ అనే రాక్షసుడి ఘట్టం మొత్తం ఎత్తేశారు. పుర్రె ముఖపు గుర్రపు రౌతు స్కల్ నైట్‌నూ తీసేశారు. మాంగాలో ఎక్లిప్స్ నుంచి గట్స్‌ను బయటపడేసేది ఈ స్కల్ నైటే. ఆ పాత్రే లేకపోయాక బయటపడే సన్నివేశం చూపించే దారి మూసుకుపోయింది. అందుకే 25వ ఎపిసోడ్ ఎక్లిప్స్ నట్టనడుమ ఆగిపోతుంది. మొదటి ఎపిసోడ్ చూసినవాడికి గట్స్ బతికాడని తెలుసు, ఎలా బతికాడన్నది మాత్రం ఈ సిరీస్‌లో దొరకదు. సిరీస్ ఒక్కటే చూసి వదిలేసినవాళ్లు ‘ఇదేం ముగింపు’ అని విసుక్కోవడం అప్పటి నుంచీ ఉన్నదే.

అయినా గోల్డెన్ ఏజ్‌కు ఇప్పటికీ మంచి రూపం ఇదే అని మా అభిప్రాయం. బడ్జెట్ తక్కువ, కదలని బొమ్మల మీద కెమెరా జరిపిన చోట్లు చాలా ఉన్నాయి. కానీ ఒక్కొక్కటి సుమారు 24 నిమిషాల చొప్పున 25 ఎపిసోడ్లంటే పది గంటలు. గట్స్ బాల్యం, గ్రిఫిత్ మీద రాజప్రాసాదంలో జరిగే కుట్రలు, ఆ దళంలోని మహిళా సేనాని కాస్కా గతం, యుద్ధాల మధ్య సైనికుల మామూలు కబుర్లు, అన్నిటికీ చోటు దొరికింది. ఎక్లిప్స్‌లో పోయేది ఎవరో మనకు తెలిసుంటేనే ఆ ఘట్టం తగులుతుంది.

సినిమాల దగ్గర సరిగ్గా ఈ చోటే చాలలేదు. స్టూడియో ఫోర్ డిగ్రీస్ సి తీసిన ఈ మూడింటికీ దర్శకుడు తొషియుకి కుబొఒకా. ‘ఎగ్ ఆఫ్ ది కింగ్’ 2012 ఫిబ్రవరిలో, ‘బ్యాటిల్ ఫర్ డాల్డ్రే’ అదే ఏడు జూన్‌లో, ‘ది అడ్వెంట్’ 2013 ఫిబ్రవరిలో విడుదలయ్యాయి. మొత్తం నిడివి సుమారు నాలుగున్నర గంటలు. అప్పట్లో ప్రకటించిన ఉద్దేశం మాంగా అంతటినీ క్రమంగా తెరకెక్కించాలని. మూడింటితోనే ఆగింది. వీటిలో బ్లాక్ స్వోర్డ్స్‌మన్ తొలిఘట్టం లేదు, కథ నేరుగా కోట ముట్టడితో మొదలవుతుంది. గట్స్ బాల్యం పీడకలలో మెరిసే కొన్ని దృశ్యాలకు కుదించుకుపోయింది, రాణి పన్నిన కుట్ర పోయింది. మొదటి సినిమాలో కంప్యూటర్ సైనికులు బొమ్మల్లా నడుస్తారు. మూడోదానికి వచ్చేసరికి పనితనం బాగా మెరుగుపడింది. పైగా 1997లో లేనిది ఇందులో ఉంది. స్కల్ నైట్ వస్తాడు, గట్స్ బయటపడతాడు, ఆ తరువాతి రోజులు కొన్ని కనిపిస్తాయి.

2022 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ప్రసారమైన మెమోరియల్ ఎడిషన్ ఈ మూడు సినిమాలనే 13 ఎపిసోడ్లుగా కోసి, కొన్ని కొత్త సన్నివేశాలు కలిపినది. వాటిలో ముఖ్యమైనది అభిమానులు ‘బాన్‌ఫైర్ ఆఫ్ డ్రీమ్స్’ అని గుర్తుపెట్టుకున్నది. రాత్రి కొండ మీద నుంచి, కింద సైనికుల చలిమంటలు చూస్తూ గట్స్ కాస్కాతో మాట్లాడే సన్నివేశం. సినిమాల్లో ఇది లేకపోవడం మీద పదేళ్లు గొణిగారు జనం. సినిమాలు చూసినవారికి మెమోరియల్ ఎడిషన్ మళ్లీ చూడాల్సినంత కొత్తదేం కాదు. రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే మెమోరియల్ ఎడిషనే మేలు.

ఇక 2016 సిరీస్. వావ్‌వావ్ ఛానల్‌లో 2016 జులైలో 12 ఎపిసోడ్లు, 2017 ఏప్రిల్‌లో మరో 12 మొదలయ్యాయి. దర్శకుడు షిన్ ఇతగాకి, పని చేసినవి గెంబా, మిల్లెపెన్సీ స్టూడియోలు. దీని పేరు ఉత్త ‘బెర్సెర్క్’ కావడంతో వెతికిన కొత్తవాళ్లు చాలామంది ముందు దీన్నే తెరుస్తారు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. గట్స్ ఎవరు, కాస్కా ఎందుకలా ఉంది, గ్రిఫిత్ పేరు వినగానే అతడెందుకు ఊగిపోతాడు, ఇవన్నీ తెలుసన్న లెక్కలోనే ఈ సిరీస్ నడుస్తుంది.

గోల్డెన్ ఏజ్ చూసి వచ్చినవారికి కూడా తడబాటు తప్పదు. 1997 సిరీస్‌లో గానీ సినిమాల్లో గానీ గట్స్ వెంట లేని పక్ ఇక్కడ ఉన్నట్టుండి పక్కనే ఉంటాడు. అతడు కలిసింది మాంగా ఒకటో వాల్యూమ్‌లో. 14 నుంచి 16 దాకా నడిచే లాస్ట్ చిల్డ్రన్ భాగాన్ని మొత్తం దాటేసి, 17వ వాల్యూమ్ నుంచి సాగే కన్విక్షన్ కథలోకి నేరుగా దూకుతుంది. బొమ్మల సంగతి చెప్పనక్కర్లేదు. మియురా కలంతో గీసిన గీతల అల్లికను త్రీడీ బొమ్మల మీద అతికించబోయారు, కెమెరా ఊరికే గిరగిర తిరుగుతుంది, పెద్ద కత్తి తగిలినప్పుడల్లా మూకుడు మీద గరిటె కొట్టిన మోత. హిరసావా పాటలు మాత్రం వినదగ్గవే.

ఈ చరిత్రంతా దృష్టిలో పెట్టుకుంటే పనికొచ్చే వరుస ఇలా ఉంటుంది. 1997 సిరీస్ 1 నుంచి 25 దాకా చూడాలి. మొదటి ఎపిసోడ్ దాటేయమని కొందరు సలహా ఇస్తారు గానీ, మియురా కట్టుబడిలో మిగిలిన ఒక్క ముక్క అదే, ఉంచుకోవడం మంచిది. 25వది ముగిసిన వెంటనే ‘ది అడ్వెంట్’ చివరి అరగంట చూస్తే తెగిన కొస అతుక్కుంటుంది. పాత బొమ్మల నుంచి కొత్త బొమ్మలకు మారడం కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది, రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. అక్కడి నుంచి మాంగాకు వెళ్లాలి. ముందు 1 నుంచి 3 వాల్యూములు. కౌంట్ అనే ప్రభువు కథ వాటిలోనిదే, ఏ అనిమేలోనూ పూర్తిగా రాలేదు. ఆ తరువాత 14 నుంచి ముందుకు. ఇంగ్లిష్‌లో డార్క్ హార్స్ వారి డీలక్స్ పుస్తకాలు కొనేవారికి లెక్క సులువు. ఒక్కో పుస్తకంలో మూడు వాల్యూములు కాబట్టి మొదటి పుస్తకం 1 నుంచి 3, ఐదోది 13 నుంచి 15. ఐదోది తెరిస్తే ఎక్లిప్స్ ముగింపు కూడా మియురా గీసిన రూపంలోనే దొరుకుతుంది.

పది గంటలు కుదరనివారు మెమోరియల్ ఎడిషన్ 13 ఎపిసోడ్లు చూసి ఇదే దారి పట్టవచ్చు. 2016 సిరీస్ చూసే తీరాలనుకుంటే 16వ వాల్యూమ్ దాకా చదివి అప్పుడు తెరవాలి. అది ముగిశాక మాంగాను 26వ వాల్యూమ్ నుంచి అందుకుంటే చూసింది కొంత మళ్లీ వస్తుంది గానీ, తప్పిపోయేది ఉండదు. ఏ వరుసలో వెళ్లినా ఇది పెద్దవాళ్లకు మాత్రమే. ఎక్లిప్స్‌లో లైంగిక హింస ఉంది. 1997 చివరి ఎపిసోడ్‌లోనూ మూడో సినిమాలోనూ దాన్ని నేరుగా చూపించారు. పిల్లలున్న హాల్లో పెట్టే సరుకు కాదు.

మాంగాకు మారేటప్పుడు అధ్యాయాల సంఖ్య నమ్ముకోవద్దు. మొదటి 16 అధ్యాయాలకు వేరే అంకెలు ఉన్నాయి, ఆ తరువాతే ఒకటి నుంచి లెక్క మొదలవుతుంది. కొన్ని జాబితాలు ఆ 16నీ కలిపేసుకుంటాయి కాబట్టి ఒకరి 364 ఇంకొకరికి 380 అవుతుంది. వాల్యూమ్ సంఖ్యతో పోతే ఈ గొడవ ఉండదు.

మియురా 2021 మే 6న 54 ఏళ్ల వయసులో గుండె నుంచి వెళ్లే పెద్ద రక్తనాళం చీలి చనిపోయాడు. ఆయన చివరి అధ్యాయం 364, అదే ఏడు సెప్టెంబరులో అచ్చయింది, 41వ వాల్యూమ్‌లో చేరింది. 2022 జూన్ నుంచి ఆయన శిష్యుల స్టూడియో గాగా గీస్తోంది. హైస్కూలు నాటి స్నేహితుడు, మాంగా రచయిత కౌజీ మోరి పర్యవేక్షిస్తున్నారు. మియురా తనకు చెప్పినంత వరకే రాస్తామని మోరి ముందే మాటిచ్చారు. మియురా చేతి గీత వరకే చాలనుకునేవారు 41 దగ్గర ఆగవచ్చు, 42 నుంచి శిష్యుల పని.

ఏ వాల్యూమ్‌లోనూ దొరకని అధ్యాయం ఒకటుంది, 83వది. ఎక్లిప్స్ మధ్యలో పత్రికలో వచ్చింది. కథాలోకం గురించి అంత త్వరగా అంత చెప్పడం ఇష్టంలేక మియురా స్వయంగా దాన్ని పుస్తకంలోంచి తీయించాడు. దాన్ని వెతికి చదవడం తప్పేం కాదు, కానీ 13వ వాల్యూమ్ మధ్యలో ఆపి కాదు, చేతిలో ఉన్న వాల్యూములన్నీ అయ్యాక.