కిక్కిరిసిన సీసాలో ఈగలు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తాను. ప్రయోగాల కోసం సీసాల్లో పెంచే చిన్న పండ్ల ఈగ డ్రోసోఫిలా. ఆ సీసాలు చూసినవారు అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: మామిడిలో పురుగు పడేది ఈ ఈగ వల్లే.

కాదు. జగిత్యాల తోటల్లో రైతులను ఏడిపించే పండు ఈగ బాక్ట్రోసెరా. కుటుంబమే వేరు. అది గట్టి కాయను గుచ్చి గుడ్లు పెడుతుంది. మా డ్రోసోఫిలా మెలనోగాస్టర్ మగ్గి పులిసిన పండు మీది ఈస్ట్ కోసం ముసురుతుంది.

అపోహ: ఇరుకులో ఈగలు చిన్నవయ్యాయంటే పరిణామం జరిగినట్టే.

అది ఆకలి, అంతే. మేత చాలక లార్వా (పురుగు దశ) బక్కగా ఉండగానే ప్యూపాగా (గూటి దశ) మారింది. ఆ ఈగల గుడ్లు కొన్నింటిని సమృద్ధిగా మేత ఉన్న సీసాలో వేయండి, పిల్లలు మామూలు పరిమాణానికి వస్తాయి. పరిణామం అనాలంటే తేడా వంశంలో నిలవాలి. అందుకే కొలతలకు ముందు రద్దీ వంశాన్నీ (తరాల తరబడి ఇరుకులో పెంచినది) మామూలు వంశాన్నీ ఒక తరం పాటు ఒకేలా, విశాలంగా పెంచుతారు. 25 డిగ్రీల వద్ద తరానికి సుమారు పది రోజులే కనుక ఓపికుంటే కొన్నేళ్లలో మార్పు కనిపిస్తుంది.

అపోహ: రద్దీని తట్టుకున్న వంశం అన్నిటా మేటి.

అమెరికాలో లారెన్స్ ముల్లర్ 1980ల నుంచి చేసిన ప్రయోగాల్లో రద్దీ వంశాల లార్వాలు గబగబా తిన్నాయి. (ఆ వేగం తెలియాలంటే సూక్ష్మదర్శిని కింద నోటి కొక్కేలు నిమిషానికి ఎన్నిసార్లు కదిలాయో లెక్కపెట్టాలి. కళ్లు లాగేస్తాయి.) బురదైన మేతలో మునగకుండా గోడ మీద ఎత్తుకు పాకి ప్యూపాలయ్యాయి. అయితే ఆ దశకు చేరడానికి మామూలు లార్వా కంటే వాటికి ఎక్కువ మేత కావాలి. వేగానికి మూల్యం దుబారా.

అపోహ: రద్దీ ఎక్కడైనా ఒక్కటే.

నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది ఇదే. బెంగళూరులో అమితాభ్ జోషి బృందం అననాసే, నసుటా అనే డ్రోసోఫిలా జాతులను రద్దీలో తరాల తరబడి పెంచింది. 2016లో వెలువడిన ఫలితాల్లో వాటి తినే వేగం పెరగలేదు, లార్వాల విసర్జనతో మేతలో పేరుకునే అమోనియాను తట్టుకునే శక్తీ పెరగలేదు. తక్కువ మేతతో త్వరగా ఎదగడం నేర్చిన వంశాలే మిగిలాయి. జాతి వేరు కాబట్టి అనుకుంటారేమో! మెలనోగాస్టర్‌నే ఒకటిన్నర మిల్లీలీటర్ల మేతలో సుమారు 600 గుడ్ల చొప్పున పెంచితే అదీ ఆ దారే పట్టింది. ముల్లర్ సీసాల్లో గుడ్లూ ఎక్కువే, మేతా ఎక్కువే; తేడా అక్కడే.

‘రద్దీ పెరిగితే తినే వేగం పెరుగును’ అని జవాబుపత్రంలో రాసినవారికి నేను సగం మార్కులే వేస్తాను. గుడ్లెన్ని, మేతెంత అన్న లెక్క ఉంటేనే మిగతా సగం.