వెండినీళ్ల వెనుక నూట నలభై ఏళ్లు

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. కారణం తెలియని జబ్బుకు ఎవరేం చెప్పినా చెవికెక్కుతుంది. కవిటి, సోంపేట, పలాస వైపు డయాలసిస్‌కు తిరిగే ఇళ్లలో పసరు మందూ వాడి చూస్తారు, పొడీ వాడి చూస్తారు. ఇప్పుడు ఫోన్లో ఆర్డరిస్తే వచ్చే సీసాలు కూడా ఉన్నాయి. నాకు భయం కలిగించేది వాటిలో ఒకటి, కొల్లాయిడల్ సిల్వర్. నీళ్లలో తేలాడే అతి సన్నని వెండి రేణువులవి. ఏ క్రిమినైనా చంపుతుందని చెప్పి అమ్ముతారు.

ఆ మాట గాల్లోంచి పుట్టలేదు. 1880 ప్రాంతంలో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే అనే ప్రసూతి వైద్యుడు అప్పుడే పుట్టిన బిడ్డల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయించాడు. కాన్పులో తల్లి నుంచి గనేరియా అంటి చూపు పోవాల్సిన పిల్లలెందరో దానితో బయటపడ్డారు. ఆయన కొడుకు బెన్నో క్రెడే 1890లలో కొల్లాయిడ్ వెండిని వైద్యంలోకి తెచ్చాడు. సల్ఫా మందులు, పెన్సిలిన్ వచ్చాక దాని అవసరం తగ్గిపోయింది. వెండి మిగిలింది ఒంటిపైనే. కాలిన గాయాలకు మన ఆసుపత్రుల్లో పూసే తెల్లటి సిల్వర్ సల్ఫాడయాజిన్ ఆయింట్‌మెంటు 1960ల చివర్లో వచ్చింది.

పూయడం వేరు, తాగడం వేరు. ఒంటికి వెండితో పనేమీ లేదు. తాగుతూ పోతే అది చర్మంలోనూ లోపలి అవయవాల్లోనూ పేరుకుంటుంది. పాత ఫొటో ఫిల్ము మీద జరిగినట్టే, వెలుతురు తగిలి ఆ వెండి నల్లబడుతుంది. మనిషి నీలం బూడిద రంగుకు తిరుగుతాడు. ఆర్జీరియా అనే ఈ మార్పు సాధారణంగా ఇక పోదు. అమెరికాలో 2002లో మోంటానా నుంచి సెనేట్‌కు పోటీ చేసిన స్టాన్ జోన్స్‌కు ఇదే జరిగింది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న Y2K గడబిడలో యాంటీబయాటిక్స్ దొరకవేమోనని ఆయన ఇంట్లోనే వెండినీళ్లు తయారుచేసుకుని తాగాడు.

అప్పటికే, 1999లోనే, అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ తేల్చిచెప్పింది: డాక్టరు చీటీ లేకుండా అమ్మే కొల్లాయిడల్ సిల్వర్ మందులు ఏ జబ్బుకూ సురక్షితమనీ, పనిచేస్తాయనీ గుర్తించలేమని. అయినా 2020లో కరోనాకు మందంటూ మళ్లీ అమ్మారు, మళ్లీ హెచ్చరికలు వెళ్లాయి.

మన దగ్గర ఆయుర్వేదంలో వెండితో చేసే రజత భస్మాన్ని దీనికి సాక్ష్యంగా తెస్తారు. అది వేరే తయారీ, ఈ సీసాకు ఆ పేరు అరువివ్వడం తప్పు. పైగా వెండి థైరాయిడ్ మాత్రను, కొన్ని యాంటీబయాటిక్స్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇంట్లో ఇప్పటికే సీసా ఉంటే డయాలసిస్‌కు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. తిడతారని దాచకండి.